శత్రుశేషం: కడుపు క్యాన్సర్ శస్త్రచికిత్సలో ఒక సుదీర్ఘ వివాదం

అప్పులో, అగ్గిలో, పగలో శేషం ఉంచకూడదని మన పెద్దలు చెప్పేవారు. కొందరు ఆ జాబితాలో రోగాన్ని కూడా చేర్చారు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో అర్బుదాల ప్రస్తావన వచ్చినచోట సరిగ్గా ఈ పోలికే కనిపిస్తుంది. గడ్డను కొంత మిగిల్చి కోస్తే అది త్వరలోనే మళ్ళీ పెరుగుతుందనీ, ఆర్పకుండా వదిలిన నిప్పులా మనిషిని హరిస్తుందనీ, కాబట్టి నిశ్శేషంగా తొలగించాలనీ సుశ్రుతుడి ఉపదేశం. శస్త్రవైద్యుడి మనసులో ఈ సూత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అయితే అది రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా వదిలేసింది. శేషం కంటికి కనిపించనప్పుడు ఎంత దూరం కోయాలి? కనిపించని శేషాన్ని వెదుకుతూ పోయి రోగినే పోగొట్టుకుంటే ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాయాలి?

ఈ రెండు ప్రశ్నల మీద వైద్యలోకం అత్యంత దీర్ఘంగా, అత్యంత పట్టుదలగా వాదించుకున్నది కడుపు క్యాన్సర్ విషయంలో. క్యాన్సర్ చరిత్ర అనగానే మన పాఠకులకు సిద్ధార్థ ముఖర్జీ పుస్తకం ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ గుర్తుకు వస్తుంది. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స ఎంత దూరం వెళ్ళి ఎలా వెనక్కి వచ్చిందో ఆయన అందులో మరువలేని విధంగా చెప్పారు. కడుపు కథ దానికి తోబుట్టువు. ఒకే సిద్ధాంతం నుంచి పుట్టిన ఈ రెండు కథలు వేర్వేరు చోట్ల ముగిశాయి. అందుకే దీన్ని విడిగా చెప్పుకోవాలనిపించింది.

బిళ్ళలు

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటాం. ఆ బిళ్ళే శోషరస గ్రంథి, డాక్టర్లు లింఫ్ నోడ్ అనేది. రక్తనాళాల నుంచి ఊరి కణజాలంలో చేరిన ద్రవాన్ని సన్నని కాలువలు మళ్ళీ గుండె వైపు మోసుకుపోతాయి. ఆ కాలువల మీద అక్కడక్కడ కట్టిన తూముల వంటివి ఈ గ్రంథులు. క్రిములు అక్కడే ఆగుతాయి. క్యాన్సర్ కణాలూ తరచుగా మొదట అక్కడే ఆగుతాయి. ఆగినవి అక్కడే పెరుగుతాయి, లేదా తూము దాటి ముందుకు పోతాయి.

కడుపుకు ఈ గ్రంథులు వరుసలుగా ఉంటాయి. మొదటి వరుస కడుపు గోడను అంటుకునే ఉంటుంది. రెండో వరుస కడుపుకు, కాలేయానికి, ప్లీహానికి రక్తం తెచ్చే ధమనుల వెంబడి, క్లోమగ్రంథి పైఅంచున ఉంటుంది. ఇంకా లోతుకు వెళ్తే వెన్నెముకను ఆనుకుని దిగే బృహద్ధమని చుట్టూ మరో గుంపు. మొదటి వరుసను కడుపుతో పాటు తీయడం కష్టం కాదు. రెండో వరుసను తీయాలంటే పెద్ద ధమనుల మీది పొరలను ఒక్కొక్కటిగా ఒలవాలి, క్లోమాన్ని గాయపరచకుండా దాని అంచున కత్తి నడపాలి. క్లోమం గాయపడితే దాని జీర్ణరసం పొట్టలోకి కారి పక్కనున్న నాళాలను తినేస్తుంది. మూడో గుంపు దగ్గరికి చేరడం మరీ పెద్ద సాహసం. మొదటి వరుస వరకు తీస్తే డి1, రెండో వరుసతో కలిపి తీస్తే డి2 అని ఈనాటి పరిభాష. ఏ వరుస వరకు వెళ్ళాలి అన్నదే ఈ వ్యాసంలోని వివాదమంతా.

వియన్నా నుంచి బాల్టిమోర్‌కు

కడుపులో క్యాన్సర్ భాగాన్ని కోసి తీయడానికి 1879లో పారిస్‌లో పేయాన్, 1880లో పోలండ్ ప్రాంతపు చిన్న పట్టణంలో రిడిగియర్ ప్రయత్నించారు. ఒక రోగి ఐదో రోజున, మరొకరు కొన్ని గంటలకే మరణించారు. 1881 జనవరి 29న వియన్నాలో థియడోర్ బిల్‌రోత్ తెరేసా హెల్లర్ అనే 43 ఏళ్ల స్త్రీకి చేసిన శస్త్రచికిత్స మొదటిసారి ఫలించింది. బిల్‌రోత్ సంగీతజ్ఞుడు కూడా. బ్రామ్స్ తన ఓపస్ 51 తంత్రీవాద్య చతుష్టయాలను అంకితమిచ్చింది ఈ స్నేహితుడికే. హెల్లర్ కోలుకుంది, తిన్నది, ఇంటికి వెళ్ళింది. నాలుగు నెలలకు క్యాన్సర్ తిరగబెట్టి మరణించింది. చరిత్ర పుస్తకాలు మొదటి సగాన్ని విజయంగా రాసుకున్నాయి. రెండో సగం మాత్రం తర్వాతి తరాల శస్త్రవైద్యుల ముందు ప్రశ్నగా నిలిచింది. కడుపు కోయడం వచ్చింది, మరి శేషం ఎక్కడ మిగిలింది?

జవాబు వేరే అవయవం దగ్గర దొరికినట్టు కనిపించింది. బాల్టిమోర్‌లో విలియం హాల్‌స్టెడ్ 1890ల్లో రొమ్ము క్యాన్సర్ మీద తన సిద్ధాంతాన్ని స్థిరపరిచాడు. నీటిలో రాయి వేస్తే అలలు వలయాలుగా విస్తరించినట్టు క్యాన్సర్ కూడా పుట్టినచోటి నుంచి గ్రంథుల వరుసల మీదుగా క్రమంగా బయటికి వ్యాపిస్తుందని ఆయన నమ్మిక. అలాగైతే వ్యాధి కంటే ఒక వలయం ముందుకు వెళ్ళి కోసినవాడు గెలుస్తాడు. రొమ్మును, ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను ఒకే ముద్దగా తీసే శస్త్రచికిత్స అలా పుట్టింది. కడుపుకూ ఇదే తర్కం వర్తించాలి. కానీ మత్తుమందు, రక్తమార్పిడి, యాంటీబయాటిక్స్ ఇంకా ఎదగని ఆ కాలంలో కడుపు లోతులకు దిగి వలయాల వెంట నడవడం పుస్తకంలో రాసుకున్నంత తేలిక కాదు. కడుపు మొత్తాన్ని తీసి రోగిని బతికించడమే 1897లో, జ్యూరిక్‌లో ష్లాటర్ చేతుల మీదుగా సాధ్యమైంది. గ్రంథుల పని మరో అర్ధశతాబ్దం ఆగింది.

జపాన్

అకిర కురొసావా తీసిన ‘ఇకిరు’ 1952లో వచ్చింది. మున్సిపల్ ఆఫీసులో ఫైళ్ళ మధ్య జీవితం గడిపిన వతనబే అనే వృద్ధ అధికారికి కడుపు క్యాన్సర్. ఆస్పత్రి వరండాలో ఎదురైన మరో రోగి, డాక్టర్లు నీకు ఏమేం చెబుతారో, ఆ మాటలకు అసలు అర్థం ఏమిటో ముందే చెప్పేస్తాడు. డాక్టర్ అవే మాటలు పలుకుతాడు. ఆ దృశ్యం ప్రేక్షకుడికి వివరణ అక్కరలేకుండా అర్థమైందంటే, ఆ దేశంలో కడుపు క్యాన్సర్ ఎంత మామూలు మృత్యువో ఊహించవచ్చు. మన కథల్లో క్షయ ఎలాంటిదో వాళ్ళ కథల్లో ఈ జబ్బు అలాంటిది.

ఆ మామూలు మృత్యువు మీదికి జపాన్ దండెత్తింది. 1950లో టోక్యోలో ఒక డాక్టర్, ఒలింపస్ కంపెనీ ఇంజనీర్లు కలిసి మింగగలిగే చిన్న కెమెరాను తయారుచేశారు. అకిర యోషిమురా దీన్నే వస్తువుగా తీసుకుని తర్వాత ఒక నవల రాశాడు. 1960ల నుంచి బేరియం ఎక్స్‌రే యంత్రాలను బస్సుల్లో పెట్టుకుని ఊరూరా తిరిగారు. మరోవైపు తమాకి కాజితానీ వంటి శస్త్రవైద్యులు గ్రంథులను వరుసలవారీగా ఒలిచి తీయడాన్ని ఒక పద్ధతిగా మలిచారు. 1962లో కడుపు క్యాన్సర్ పరిశోధన సంఘం ఏర్పడి, దేశమంతటికీ ఒకే నియమావళిని రూపొందించింది. అందులో ప్రతి గ్రంథుల గుంపుకూ ఒక సంఖ్య ఉంది. అన్నవాహిక కలిసేచోట కుడివైపున 1, ఎడమన 2, అలా మొదలై ప్లీహపు ద్వారం దగ్గర 10, బృహద్ధమని చుట్టూ 16. శస్త్రచికిత్స ముగిశాక, ఒంట్లోంచి తీసిన కణజాలాన్ని డాక్టర్ తానే బల్ల మీద పరిచి, ఒక్కొక్క గ్రంథిని వేరుచేసి, సంఖ్యవారీగా సీసాల్లో పెట్టి పరీక్షకు పంపుతాడు. ఏ సంఖ్యలో క్యాన్సర్ దొరికిందో, ఆ రోగి ఎన్నేళ్లు బతికాడో రాసుకుంటూ పోయారు. సర్వే శాఖ గొలుసులు లాగి పొలాల హద్దులు తేల్చినట్టు దశాబ్దాలపాటు ఒక అవయవపు పటాన్ని గీశారు. శస్త్రవైద్య చరిత్రలో ఇంతటి సామూహిక శ్రద్ధకు సాటి అరుదు.

ఫలితాలు చూసి ప్రపంచం నివ్వెరపోయింది. జపాన్‌లో శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో సగానికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. యూరప్, అమెరికాల్లో ఆ దరిదాపుల్లోకి కూడా ఎవరూ రాలేదు. కారణం రెండో వరుస గ్రంథులను తీయడమేనని జపాన్ వైద్యులు ధీమాగా చెప్పారు.

అదే కాలంలో జపాన్ సాహిత్యం మాత్రం మరో సంగతి గుర్తుచేసింది. తొయొకో యామాసాకి 1963 నుంచి ఒక వారపత్రికలో ధారావాహికగా రాసిన ‘శిరోయ్ క్యొతో’, అంటే తెల్లని మహాగోపురం, వైద్య కళాశాల రాజకీయాల మీద వచ్చిన నవల. 1966లో సినిమాగా కూడా వచ్చింది. జైజెన్ అనే ప్రతిభావంతుడైన శస్త్రవైద్యుడు ఒక రోగి కడుపు క్యాన్సర్‌ను అద్భుతమైన నైపుణ్యంతో తొలగిస్తాడు. ఊపిరితిత్తిలో కనిపిస్తున్న నీడ ఏమిటో ఇంకొంచెం పరీక్షించమని స్నేహితుడు వేడుకున్నా లెక్కచేయడు. శస్త్రచికిత్స దిగ్విజయం, రోగి మరణం. వ్యాధి అప్పటికే వలయాలన్నీ దాటి ఊపిరితిత్తికి చేరి ఉంది. కోర్టు వ్యాజ్యం, జైజెన్ పతనం, చివరికి అతనికే కడుపు క్యాన్సర్ రావడం తర్వాతి కథ. యామాసాకి వైద్యురాలు కాదు. కానీ చేతి నైపుణ్యం ఎంత గొప్పదైనా వ్యాధి దాని కోసం ఆగి ఉండదన్న వాస్తవాన్ని ఆమె కథలో నాటింది. హాల్‌స్టెడ్ వలయాల సిద్ధాంతం మీద శాస్త్రవేత్తలు లేవనెత్తిన అనుమానం కూడా సరిగ్గా అదే.

సెక్షన్ మార్చితే పెరిగే సగటు

పాశ్చాత్యుల మొదటి అనుమానం లెక్క గురించి. జపాన్‌లో జబ్బును తొలిదశలోనే పట్టుకుంటున్నారు, రోగుల వయసు తక్కువ, బరువు తక్కువ. అందువల్ల ఎక్కువకాలం బతుకుతుండవచ్చు. దీనికి జపాన్ వైద్యుల సమాధానం: ఒకే దశలో ఉన్న రోగులను పక్కపక్కన పెట్టి పోల్చినా మావాళ్ళే ఎక్కువ బతుకుతున్నారు కదా.

ఇక్కడే ఒక సూక్ష్మమైన మోసం దాగి ఉంది. ఒక బడిలో పదో తరగతికి ఏ, బి అని రెండు సెక్షన్లు ఉన్నాయనుకోండి. ఏ సెక్షన్‌లో అందరికంటే తక్కువ మార్కులు వచ్చే కుర్రవాణ్ణి బి సెక్షన్‌కు మార్చారు. బి సెక్షన్ సగటు కంటే అతని మార్కులు ఎక్కువే. ఇప్పుడు ఏ సగటు పెరిగింది, బి సగటు కూడా పెరిగింది. ఒక్క పిల్లవాడికీ ఒక్క మార్కు పెరగలేదు. గ్రంథుల విషయంలో జరిగేది ఇదే. మొదటి వరుస మాత్రమే తీస్తే, రెండో వరుసలో దాగిన క్యాన్సర్ ఎవరికీ తెలియదు. ఆ రోగి ‘తొలిదశ’ సెక్షన్‌లోనే ఉండి, త్వరగా మరణించి, ఆ సెక్షన్ సగటును పడగొడతాడు. రెండో వరుస తీసి చూస్తే అతడు ‘ముదిరిన దశ’ సెక్షన్‌కు మారతాడు. అక్కడి వారిలో అతడే మెరుగు. రెండు దశల సగటు ఆయుర్దాయాలూ పెరుగుతాయి, ఎవరి ఆయువూ పెరగకుండానే. అమెరికన్ హాస్యకారుడు విల్ రోజర్స్ వలసల మీద వేసిన ఒక ఛలోక్తిని గుర్తుచేస్తూ, 1985లో ఫైన్‌స్టీన్ బృందం దీనికి విల్ రోజర్స్ దృగ్విషయం అని పేరు పెట్టింది.

కాబట్టి రెండు దేశాల లెక్కలను పోల్చి లాభం లేదు. ఒకే దేశంలో, ఒకే రకం రోగులకు, చీటీ వేసి, సగంమందికి డి1, సగంమందికి డి2 చేసి, ఏళ్ల తరబడి వేచి చూడాలి. జపాన్ వైద్యులు అందుకు ఒప్పుకోలేదు. మేలని నమ్మినదాన్ని చీటీ పడలేదన్న కారణంతో రోగికి నిరాకరించడం వారి దృష్టిలో అధర్మం. ఆ సందేహం నీతిపరంగా తప్పు కాదు. కానీ అది ఉన్నంతవరకు నిజం తేలదు. ఆ పని ఇతర దేశాలు చేయవలసి వచ్చింది.

చీటీలు

మొదటి ప్రయత్నం దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో. 1988లో వెలువడిన ఆ అధ్యయనంలో ఉన్నది 43 మంది. తేడా కనిపించలేదు. సంఖ్య చిన్నది కనుక ఎవరూ ఒప్పుకోలేదు. పెద్ద పరీక్ష నెదర్లాండ్స్‌లో 1989 నుంచి 1993 వరకు జరిగింది. 80 ఆస్పత్రులు, 1078 మంది రోగులు. అందులో వ్యాధిని పూర్తిగా తొలగించే ఉద్దేశంతో శస్త్రచికిత్స జరిగినవారు 711 మంది. డచ్ వైద్యులు తమకు ఈ విద్య రాదని తెలిసి, టోక్యో నుంచి మిత్సురు ససాకోను పిలిపించుకున్నారు. ఆయన తొలి నెలల్లో అక్కడే ఉండి, శస్త్రచికిత్స గదుల్లో పక్కన నిలబడి నేర్పాడు. తర్వాత ఆయన వద్ద నేర్చిన కొందరు డచ్ వైద్యులు ఊరూరా తిరిగి పర్యవేక్షించారు.

1995లో తొలి ఫలితాలు వచ్చాయి. డి1 చేయించుకున్నవారిలో నూటికి 4 మంది ఆస్పత్రిలోనే మరణించారు. డి2 చేయించుకున్నవారిలో నూటికి 10 మంది. ఉపద్రవాలు డి1లో 25 శాతం, డి2లో 43 శాతం. దాదాపు అదే కాలంలో బ్రిటన్‌లో 400 మంది మీద కుషియరీ నాయకత్వంలో జరిగిన పరీక్షలోనూ ఇదే వరస: ఆస్పత్రి మరణాలు 6.5 శాతం, 13 శాతం. జపాన్‌లో ఇవే శస్త్రచికిత్సలకు నూటికి ఒకరిద్దరికి మించి పోవడం లేదు.

1999లో ఐదేళ్ల మనుగడ లెక్కలు వచ్చాయి. డచ్ పరీక్షలో డి1కు 45 శాతం, డి2కు 47 శాతం. బ్రిటన్‌లో 35, 33. అంటే తేడా లేదు. డి2ను మామూలు చికిత్సగా సిఫారసు చేయలేమని డచ్ బృందం స్పష్టంగా రాసింది. పాశ్చాత్య దేశాల్లో చాలామంది ఆ అధ్యాయం ముగిసిందనుకున్నారు.

ఈ అంకెల వెనకనున్న మనుషుల గురించి ఒక మాట. డి2 చీటీ పడి, ఆస్పత్రి గడప దాటకుండా మరణించిన ఆ నూటికి పదిమందిలో, డి1 చీటీ పడి ఉంటే ఆరుగురు ఆ నెల బతికేవారు. వారు ఎవరో విడిగా గుర్తుపట్టడం సాధ్యం కాదు. శేషం గురించిన ఒక సిద్ధాంతం నిజమో కాదో తెలుసుకోవడానికి వారు మూల్యం చెల్లించారు. తెలియకుండానే అందరికీ డి2 చేసే దేశంలోనైతే ఆ మూల్యం ఇంకా ఎక్కువమంది చెల్లించేవారు, లెక్క మాత్రం ఎక్కడా ఉండేది కాదు. చీటీ వేయడంలోని కర్కశత్వాన్ని, దాని న్యాయాన్ని కలిపే చూడాలి.

పదిహేనేళ్లు

మరణాలు ఎందుకు అంత ఎక్కువయ్యాయి? వెదికితే రెండు కారణాలు కనిపించాయి. మొదటిది, ప్లీహం ద్వారం దగ్గరి 10వ గుంపును, ప్లీహధమని వెంబడి ఉన్న 11వ గుంపును పూర్తిగా తీయడానికి ఆనాటి నియమం ప్రకారం, కడుపు పైభాగపు క్యాన్సర్లలో ప్లీహాన్నీ క్లోమం తోకనూ కూడా తీసేసేవారు. ప్రాణం తీసినవి ప్రధానంగా ఆ అదనపు కోతలే. రెండవది అభ్యాసం. 80 ఆస్పత్రుల మధ్య ఆ రోగులను పంచితే ఒక్కొక్క వైద్యుడి చేతికి ఏడాదికి దక్కేది కొద్దిమందే. చేయి తిరగకముందే పరీక్ష ముగిసింది. పైగా, డి2 అని రాసిన చోట కొన్ని గుంపులు తీయకుండా వదిలినవీ, డి1 అని రాసిన చోట ఎక్కువ తీసినవీ తర్వాతి పరిశీలనలో బయటపడ్డాయి. రెండు బృందాల మధ్య ఉండవలసిన తేడా కొంత చెరిగిపోయింది.

డచ్ బృందం చేసిన గొప్ప పని, తాను మూసిన పుస్తకాన్ని పక్కన పడేయకపోవడం. అదే రోగులను గమనిస్తూనే ఉంది. 2010లో పదిహేనేళ్ల ఫలితాలను ప్రకటించింది. డి1లో 21 శాతం, డి2లో 29 శాతం బతికి ఉన్నారు. ఈ తేడా యాదృచ్ఛికమే కావచ్చునని గణాంక శాస్త్రం అంటుంది. కానీ కడుపు క్యాన్సర్ వల్లనే మరణించినవారు డి1లో 48 శాతం, డి2లో 37 శాతం. దీన్ని యాదృచ్ఛికమని కొట్టివేయలేం. కోసినచోటనే వ్యాధి తిరగబెట్టడం కూడా 22 శాతం నుంచి 12 శాతానికి తగ్గింది. డి2 వల్ల కలిగే నష్టం మొదటి నెలలోనే కనిపించింది, లాభం మాత్రం పదేళ్లు దాటాక గాని కంటికి ఆనలేదు. ప్లీహాన్ని కాపాడుతూ చేసే డి2ను సిఫారసు చేస్తున్నామని ఆ బృందమే రాసింది. 1999లో వద్దన్నవారూ, 2010లో కావాలన్నవారూ ఒక్కరే. టోక్యో నుంచి వచ్చిన ససాకో పేరు కూడా రచయితలలో ఉంది.

ఈలోగా తైపేలో, ముందే చేయి తిరిగిన వైద్యులు ఒకే ఆస్పత్రిలో 221 మంది మీద జరిపిన పరీక్ష 2006లో వెలువడింది. శస్త్రచికిత్సలో ఒక్క మరణం లేదు. విస్తృతంగా గ్రంథులు తీసినవారిలో ఐదేళ్ల మనుగడ 59.5 శాతం, తక్కువ తీసినవారిలో 53.6 శాతం. ఇటలీ పరీక్షలో మాత్రం రెండు బృందాల మధ్య మనుగడలో గణనీయమైన తేడా తేలలేదు, కానీ డి2ను ప్రమాదం లేకుండా చేయవచ్చని అక్కడా రుజువైంది.

జపాన్ తనను తాను పరీక్షించుకోవడం

రెండో వరుస మేలైతే మూడోది ఇంకా మేలు కావాలి కదా. జపాన్‌లో చాలామంది 16వ గుంపును, అంటే బృహద్ధమని చుట్టూ ఉన్న గ్రంథులను కూడా ఒలవడం మొదలుపెట్టారు. ఈసారి చీటీ వేయడానికి జపాన్ ఒప్పుకుంది. 1995 నుంచి 2001 వరకు 24 ఆస్పత్రుల్లో 523 మందికి, సగంమందికి డి2, సగంమందికి డి2తో పాటు బృహద్ధమని గ్రంథుల తొలగింపు. నాయకుడు మళ్ళీ ససాకోనే. ఆస్పత్రి మరణాలు రెండింటా 0.8 శాతం. ఐదేళ్ల మనుగడ 69.2 శాతం, 70.3 శాతం. 2008లో ఫలితం వెలువడింది: మూడో వలయం వల్ల ఒరిగింది ఏమీ లేదు. ప్రపంచమంతటా తిరిగి విస్తృత శస్త్రచికిత్సను నేర్పిన వ్యక్తే, దానికి హద్దు ఎక్కడో తన సొంత గడ్డ మీద రుజువు చేశాడు.

2017లో ప్లీహం వంతు వచ్చింది. కడుపు పైభాగపు క్యాన్సర్లలో, వ్యాధి పెద్ద ఒంపు వైపు పాకనంతవరకు, ప్లీహాన్ని తీసినా ఉంచినా మనుగడ ఒకటేనని 505 మంది మీద జరిగిన జపాన్ పరీక్ష తేల్చింది. ఏనాడో డచ్ రోగుల ప్రాణాలు తీసిన ఆ అదనపు కోత అనవసరమని, ఆ నియమం పుట్టిన దేశమే ఒప్పుకుంది.

రొమ్ము క్యాన్సర్ కథను ఇప్పుడు పక్కన పెట్టి చూడండి. పిట్స్‌బర్గ్‌కు చెందిన బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో 1971లో మొదలైన పరీక్ష, హాల్‌స్టెడ్ మహాకోత వల్ల ఆయుష్షు పెరగదని చూపించింది. పాతికేళ్ల తర్వాత చూసినా అదే ఫలితం. అక్కడ తక్కువే చాలునని తేలింది. కడుపులో మాత్రం రెండో వరుస వరకు వెళ్ళడం సార్థకం, దాటి వెళ్ళడం నిరర్థకం అని తేలింది. వలయాల సిద్ధాంతం పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. మూడో వలయానికి చేరిన క్యాన్సర్ సాధారణంగా రక్తం ద్వారా కూడా ప్రయాణించి ఉంటుంది. యామాసాకి నవలలోని ఊపిరితిత్తి నీడ అదే. అక్కడ కత్తికి పని లేదు, మందుకే పని. 2006 నుంచి వరుసగా వచ్చిన పరీక్షలు శస్త్రచికిత్సకు ముందూ వెనకా ఇచ్చే కీమోథెరపీ మనుగడను పెంచుతుందని చూపించాయి. ఇవాళ యూరప్, అమెరికా, ఆసియా మార్గదర్శకాలన్నీ దాదాపు ఒకే మాట మీదికి వచ్చాయి: అనుభవం ఉన్న చేతుల్లో, ప్లీహం క్లోమం జోలికి పోకుండా, డి2.

అందులోని ‘అనుభవం ఉన్న చేతుల్లో’ అన్న మాటను నెదర్లాండ్స్ చట్టంలా పాటించింది. ఏడాదికి కనీసం 10 కడుపు శస్త్రచికిత్సలు చేయని ఆస్పత్రి ఆ పని మానుకోవాలని 2012లోనూ, ఆ సంఖ్యను 20కి పెంచుతూ 2013లోనూ నియమం పెట్టింది. 80 ఆస్పత్రుల పరీక్ష నేర్పిన పాఠం అది.

కువైట్ నుంచి చూస్తే

గల్ఫ్ అరబ్బులలో కడుపు క్యాన్సర్ తక్కువ. ఇరాన్ వాయవ్యంలో ఉన్న అర్దబీల్ మాత్రం ఈ జబ్బు ప్రపంచంలో ఎక్కువగా కనిపించే చోట్లలో ఒకటి. భారతదేశం మొత్తం మీద రేటు తూర్పు ఆసియాతో పోలిస్తే తక్కువే, కానీ మిజోరంలో చాలా ఎక్కువ, చెన్నైలోనూ ఎక్కువే. చెన్నై మన చిత్తూరు, నెల్లూరు వాకిట్లోనే ఉంది. కువైట్‌లో పనిచేసే తెలుగువారిలో కడప, రాయచోటి, రాజంపేట, చిత్తూరు, గోదావరి జిల్లాల వారు అధికం. ఇళ్ళల్లో, డ్రైవింగ్‌లో, నిర్మాణాల్లో పనిచేసేవారు. వారిలో చాలామంది పొట్టలో మంటకు నెలల తరబడి ‘గ్యాస్ ట్రబుల్’ మాత్రలు మింగుతూ నెట్టుకొస్తారు. బరువు తగ్గినా, నల్లగా విరేచనమైనా, మింగడం కష్టమైనా సెలవు దొరికే దాకా ఆగుతారు. పరీక్షలో క్యాన్సర్ అని తేలితే వినిపించే మాట ఒకటే: “ఇంటికి పోయి చేయించుకుంటాను సార్.” అందులో తప్పు లేదు. జబ్బు పడినవాడికి భార్యాబిడ్డలు, సొంత భాష కావాలి.

కానీ ఆ తర్వాత ఏమైందన్నది ఇక్కడ మాకు తెలియదు. విమానం ఎక్కాక ఫోన్ నంబరు మారిపోతుంది. అక్కడ ఏ ఆస్పత్రిలో చేరారో, ఎన్ని గ్రంథులు తీశారో, ఎన్నేళ్లు బతికారో కలిపి చెప్పే పుస్తకం లేదు. డచ్ బృందం 1999లో ఆగిపోయి ఉంటే డి2 నిరర్థకమన్న తీర్పే మిగిలేది. ఆ తీర్పు మారింది కత్తి మారినందువల్ల కాదు, పదిహేనేళ్లపాటు ప్రతి రోగి జాడా తెలిసి ఉన్నందువల్ల. మన దేశంలో 1981లో జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం మొదలైంది. అయితే ఏటా దేశాల మధ్య తిరిగే వలస కార్మికుడు ఏ నమోదు పుస్తకంలోనైనా జారిపోయే మనిషే. అతని మనుగడ ఎవరి సగటులోనూ చేరదు.

అందుకని ఇంటికి బయలుదేరే రోగితో గాని, వెంట వచ్చిన అన్నతోనో బావమరిదితోనో గాని చెప్పవలసిన మాటలు ఈ చరిత్రలోనే ఉన్నాయి. ఏ ఆస్పత్రికి వెళ్ళినా, ఏడాదికి ఇలాంటి శస్త్రచికిత్సలు ఎన్ని చేస్తారని అడగండి. అడగడం అవమానించడం కాదు. నెదర్లాండ్స్ ప్రభుత్వమే అడిగిన ప్రశ్న అది. గ్రంథులు ఏ వరుస వరకు తీస్తారని, ముందు కీమో ఇస్తారా అని అడగండి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే బయాప్సీ నివేదికలో ఎన్ని గ్రంథులు దొరికాయి, వాటిలో ఎన్నింటిలో జబ్బు ఉంది అన్న రెండు అంకెలు ఉంటాయి. మొదటి అంకె పదిహేను పదహారుకు తగ్గితే దశ నిర్ణయం నమ్మదగినది కాదు, ఏ సెక్షన్ విద్యార్థి ఏ సెక్షన్‌లో ఉన్నాడో తెలియనట్టే. ఆ కాగితాన్ని పారేయకండి. పాస్‌పోర్టుతో పాటు దాచండి, మళ్ళీ కువైట్ వచ్చినప్పుడు తీసుకురండి.

సుశ్రుతుడి సూత్రం ఈనాటికీ చెల్లుతుంది. కానీ రెండో వరుస గ్రంథులు నిజంగా శేషమనీ, ప్లీహమూ బృహద్ధమని గ్రంథులూ కావనీ తెలుసుకోవడానికి బిల్‌రోత్ తర్వాత నూట ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. టోక్యోలో సీసాలకు సంఖ్యలు వేసిన చేతులు, డచ్ ఆస్పత్రుల్లో చీటీకి తలవంచిన 1078 మంది, తమ తీర్పును తామే మళ్ళీ విచారణకు పెట్టుకున్న పరిశోధకులు, అందరూ ఆ జ్ఞానంలో భాగస్వాములు. మన రోగులు దాని ఫలితాన్ని పొందుతున్నారు. వారి లెక్క కూడా అందులో చేరే ఏర్పాటు ఇంకా జరగవలసి ఉంది.